చలికాలానికి ముందే చెక్క షెడ్డుకు చేయవలసినవి

తోటలోని చెక్క షెడ్డుకు చలి కంటే తేమే పెద్ద శత్రువు. చెక్కలో తేమ సుమారు 20 శాతం దాటి చాలాకాలం అలాగే నిలిచిపోతే శిలీంధ్రాలు చేరి కుళ్లబెడతాయి; పగుళ్లలోకి దిగిన నీరు గడ్డకట్టేటప్పుడు సుమారు 9 శాతం వ్యాకోచించి వాటిని ఇంకా పెద్దవి చేస్తుంది. అందుచేత పొడి వాతావరణం ఉన్నప్పుడే గోడల మీద కొద్దిగా నీళ్లు చల్లి చూడండి. చుక్కలు నిలిచి జారిపోతే పాత పూత ఇంకా పనిచేస్తున్నట్టే. చెక్క రంగు ముదిరి నీరు ఇంకిపోతే మాత్రం కొత్త పూత తప్పదు.

పూత వేసేటప్పుడు చాలామంది వెడల్పాటి పలకల మీదే శ్రద్ధ పెట్టి, రంపంతో కోసిన కొసలను వదిలేస్తారు. నిజానికి నీటిని అన్నిటికంటే వేగంగా పీల్చేవి ఆ కొసలే కాబట్టి, అక్కడ రెండు మూడు సార్లు బాగా పట్టించాలి. నేలకు దగ్గరగా ఉన్న పలకలను స్క్రూడ్రైవర్ మొనతో నొక్కి చూడండి. మెత్తగా దిగిపోతే ఆ ముక్కను మార్చాలే గాని, పైన రంగు పూసి కప్పిపుచ్చి లాభం లేదు. గోడకు ఆనుకొని పేరుకున్న మట్టిని, ఆకులను తీసేయండి. కప్పు మీది తారు షీటు చినిగితే అతుకు వేయండి. లోపల వెచ్చగా ఉంటుందని గాలి రంధ్రాలను మాత్రం మూయకండి. తేమ బయటికి పోయే దారిలేక గోడలు లోపలివైపు నుంచే చెమ్మగిల్లుతాయి.