ఉచ్చుల గస్తీకి వస్తున్నారా? మోకాలి కింద చూడండి

జన్నారం దగ్గర మాతో గస్తీకి వస్తామని అడిగే కుర్రాళ్లలో చాలామందికి పులిని చూడాలని ఆశ. నాకూ ఉండేది. ఇన్నేళ్లలో పులి కనపడలేదు గానీ వేటగాళ్లు ఉచ్చులుగా బిగించిన బైకు క్లచ్ వైర్లు మాత్రం సంచికి సరిపడా దొరికాయి.

అటవీశాఖ రేంజ్ ఆఫీసులో దరఖాస్తు ఇచ్చి, బీట్ ఆఫీసర్ వెంటే నడవాలి. మా కవ్వాల్ అడవి 2012లో టైగర్ రిజర్వ్ అయింది. పర్మిషన్ లేకుండా తిరిగితే 1972 వన్యప్రాణి చట్టం కింద కేసు మనమీదే పడుతుంది.

వెతకాల్సింది నట్టడవిలో కాదు. అడవిని ఆనుకున్న పొలం గట్లు, వాగులో చెలిమెలు, సాసర్‌పిట్‌కు (జంతువులు నీళ్లు తాగే తొట్టి) పోయే జాడలు చూడండి. వేటగాడు మాత్రం మాంసం ఎంత దూరమని మోస్తాడు? జాడకు అడ్డంగా ఎండు కంప పేర్చి, మధ్యలో మూరెడు సందు వదిలారంటే అనుమానించాల్సిందే. అడవిపంది కంపను తొక్కదు, సందులో దూరుతుంది. ఉచ్చు అక్కడే వేలాడుతుంది. అదే దారిన పులి వచ్చినా అంతే.

శివరాత్రి నాటికి టేకాకు రాలి జాడలు కప్పేస్తుంది. తుప్పు పట్టిన వైరు ఆ రంగులో కలిసిపోతుంది. అందుకే నలుగురం పది అడుగుల ఎడంగా, కర్రతో ఆకు కదిలిస్తూ నడుస్తాం. మా బేస్‌క్యాంప్ వాచర్, గోండు పెద్దాయన, కర్ర కూడా పట్టరు. చెప్పు ముద్ర మీద సాలెగూడు ఉంటే "పాతది" అని ముందుకు పోతారు.

దొరకగానే పీకకండి. నేను మొదటి ఉచ్చును ఉత్సాహంగా పీకి సంచిలో వేసుకుంటే, సెక్షన్ ఆఫీసర్ తల పట్టుకున్నారు: "పంచనామాలో ఎక్కడ దొరికిందని రాయాలి?" ముందు ఫొటో, జీపీఎస్ తీయండి. పీకాలా, వేటగాడి కోసం కాపు కాయాలా అన్నది ఆఫీసర్లే తేలుస్తారు.

మూరెడు పుల్లలు వరసగా నాటి, వాటికి బోడి తీగ కట్టి కనపడితే మాత్రం అక్కడే ఆగండి. జంతువులను చంపడానికి 11 కేవీ కరెంటు లైనుకు కొండీ వేసి ఉండొచ్చు. పగలే కదా అని కర్రతో కదిపి చూడొద్దు. వచ్చిన అడుగుల్లోనే వెనక్కి నడిచి, లైన్‌మన్‌తో సప్లై తీయించాకే దగ్గరికి వెళ్లాలి.

మనిషి ఎదురుపడితే పట్టుకోబోకండి, బైకు నంబరు చాలు. ఏమీ దొరకని రోజు కూడా ఏ జాడ వెంట నడిచారో రిజిస్టర్‌లో రాయించండి, తర్వాతి జట్టు ఇంకో జాడ పట్టుకుంటుంది.