అమెరికాలో విడాకుల డిక్రీ కాపీ కావాలా? ముందు ఏ కౌంటీయో తేల్చుకోండి

అమ్మ తెనాలి నుంచి ఫోన్ చేసి "ఆ కోర్టు కాగితం ఒరిజినల్ నీ దగ్గరే ఉందిగా?" అని అడిగితే ఉందనే చెప్పాను. తీరా వెతికితే దొరికింది అప్పట్లో లాయర్ ఈమెయిల్‌లో పంపిన పీడీఎఫ్ ఒక్కటే. జడ్జి సంతకం ఉంది, కోర్టు ముద్ర లేదు. అక్కడి నుంచి సర్టిఫైడ్ కాపీ చేతికొచ్చేదాకా రెండు తప్పులు చేశాను, డబ్బూ పోయింది, టైమూ పోయింది. మీకు ఆ రెండూ పోకూడదని రాస్తున్నాను. నాది టెక్సస్ కేసు కాబట్టి ఎక్కువగా దాని గురించే చెబుతాను, మిగతా రాష్ట్రాల్లో తేడా ఎక్కడుందో మధ్యలో చెబుతాను.

ముందు ఆ "ఒరిజినల్" సంగతి. డిక్రీ ఒరిజినల్ అనేది మన దగ్గర ఎప్పుడూ ఉండదు, అది కోర్టు ఫైల్లోనే ఉంటుంది. మనకిచ్చేది దాని నకలు, ఇది అసలుకి సరైన నకలే అని క్లర్క్ ఆఫీసు ముద్ర వేసి సంతకం పెట్టిన సర్టిఫైడ్ కాపీ. మనవైపు కోర్టుల్లో కాపీ అప్లికేషన్ పెట్టి నకలు తీసుకుంటారు చూడండి, ఇదీ అదే. ఎన్నిసార్లైనా, ఎన్నేళ్ల తర్వాతైనా తీసుకోవచ్చు. కాబట్టి పోయిందని టెన్షన్ పడక్కర్లేదు.

ఇక నా మొదటి తప్పు. గూగుల్‌లో టెక్సస్ డివోర్స్ రికార్డ్ అని కొడితే రాష్ట్ర ఆరోగ్య శాఖ పేజీ కనబడింది, ప్రభుత్వ పేజీయే కదా అని 20 డాలర్లు కట్టి అప్లై చేశాను. కొన్ని వారాలకు ఒక లెటర్ వచ్చింది. ఇద్దరి పేర్లు, తేదీ, కౌంటీ (మన జిల్లా లాంటిది), అంతే. అది వెరిఫికేషన్ లెటర్, డిక్రీ కాదు. టెక్సస్ 1968 నుంచి జరిగిన విడాకులకు ఈ లెటర్ ఇస్తుంది, ఆ పేజీలోనే ఇది డిక్రీ కాపీ కాదని రాసి కూడా ఉంది, నేనే చదవలేదు. అయితే ఈ లెటర్‌కి ఒక ఉపయోగం ఉంది. విడాకులు ఏ కౌంటీలో అయ్యాయో అసలు తెలియనివాళ్లకు అది చెబుతుంది. కాలిఫోర్నియాలో ఆ సాయం కూడా పెద్దగా ఉండదు, అక్కడ రాష్ట్ర ఆరోగ్య శాఖ దగ్గరున్నది 1962 నుంచి 1984 జూన్ వరకు జరిగినవాటి వివరాలు మాత్రమే. మన జనం ఎక్కువమంది విడాకులు ఆ తర్వాతివే కాబట్టి నేరుగా ఆ కౌంటీ సుపీరియర్ కోర్టుకే వెళ్లాలి.

డిక్రీ ఇచ్చేది కోర్టు. ఏ కౌంటీలో కేసు వేశారో ఆ కౌంటీ కోర్టు. ఇప్పుడు ఎక్కడ ఉంటున్నారన్నది, పెళ్లి ఎక్కడ జరిగిందన్నది దీనికి సంబంధం లేదు. టెక్సస్‌లో కేసు వేయాలంటే ఇద్దరిలో ఒకరు రాష్ట్రంలో ఆరు నెలలు, ఆ కౌంటీలో 90 రోజులు ఉండి ఉండాలి, కాబట్టి కేసు వేసిన నాటికి మీరుగానీ అవతలివాళ్లుగానీ ఎక్కడ ఉన్నారో గుర్తుచేసుకుంటే సగం పని అయినట్టే.

ఇక్కడే నా రెండో తప్పు. అప్పుడు ఫ్రిస్కోలో ఉండేవాళ్లం, ఫ్రిస్కో అంటే కాలిన్ కౌంటీయే కదా అని కాలిన్ సైట్‌లో గంటన్నర వెతికాను. ఒక్క ఎంట్రీ రాలేదు. పాత ఇంటి ప్రాపర్టీ టాక్స్ కాగితం తీసి చూస్తే డెంటన్ కౌంటీ అని ఉంది. ఫ్రిస్కో ఊరు రెండు కౌంటీల్లో పరుచుకుని ఉంటుంది, పడమటి వైపు డెంటన్. క్యారల్టన్ అయితే డాలస్, డెంటన్, కాలిన్ మూడింట్లోనూ ఉంది. కాబట్టి ఊరి పేరుతో ఊహించకండి, పాత ఇంటి అడ్రస్ పెట్టి కౌంటీ చూసుకోండి.

కౌంటీ తెలిసాక అందులో ఏ ఆఫీసు? టెక్సస్‌లో పెళ్లి లైసెన్సులు, ఇంటి డీడ్లు కౌంటీ క్లర్క్ దగ్గర ఉంటాయి, విడాకుల ఫైళ్లు డిస్ట్రిక్ట్ క్లర్క్ దగ్గర ఉంటాయి. రెండూ వేర్వేరు ఆఫీసులు. క్లర్క్ అంటే మన గుమాస్తా అనుకునేరు, ఓట్లేసి ఎన్నుకునే పదవి అది. న్యూజెర్సీలో సుపీరియర్ కోర్టు ఫ్యామిలీ విభాగం, పాత ఫైళ్లయితే ట్రెంటన్‌లోని రికార్డుల కేంద్రం. న్యూయార్క్‌లో విడాకులిచ్చేది సుప్రీంకోర్టు! కంగారుపడకండి, అక్కడ కింది కోర్టుకే ఆ పేరు. ఫైలు మాత్రం కౌంటీ క్లర్క్ దగ్గర ఉంటుంది.

ఇప్పుడు కేసు నంబర్. టెక్సస్‌లో కాజ్ నంబర్ అంటారు, న్యూజెర్సీలో డాకెట్ నంబర్, విడాకులదైతే ఎఫ్ఎమ్‌తో మొదలవుతుంది. ఇది తెలిస్తే ఆఫీసువాళ్లు నిమిషంలో ఫైలు తీస్తారు. పాత లాయర్ ఈమెయిల్స్ వెతకండి, కోర్టు నుంచి వచ్చిన ప్రతి కాగితం పైన ఈ నంబర్ ఉంటుంది. లేకపోతే కౌంటీ వెబ్‌సైట్‌లో కేస్ సెర్చ్ ఉంటుంది, పేరు కొట్టి వెతకొచ్చు. టెక్సస్‌కి రీసెర్చ్ టీఎక్స్ అని రాష్ట్రమంతటికీ ఒక పోర్టల్ ఉంది, అకౌంట్ తెరుచుకోవాలి. గూగుల్‌లో పైన కనబడే ప్రైవేటు సైట్ల జోలికి మాత్రం వెళ్లకండి, నెలనెలా కార్డు మీద డబ్బు లాగుతూ చివరికి ఇచ్చేది కౌంటీ సైట్‌లో ఉచితంగా కనబడే నాలుగు లైన్లే.

పేరు కొట్టి వెతకడం వినడానికి తేలికే. మన పేర్లతో కాదు. ఇంటిపేరు చివర ఉందా ముందు ఉందా, పాస్‌పోర్టులో సర్‌నేమ్ ఖాళీగా ఉండి వీసాలో ఎఫ్ఎన్‌యూ (మొదటి పేరు తెలియదు అని) పడ్డవాళ్లయితే కోర్టులో ఏమని రాశారు, రెడ్డి అనేది ఇంటిపేరు గడిలో పెట్టారా పేరు గడిలో పెట్టారా, లక్ష్మిలో ఎక్స్ ఉందా కేఎస్ ఉందా, ఇవన్నీ ఒక్కో కేసులో ఒక్కోలా ఉంటాయి. ఉత్త రెడ్డి అని కొడితే డాలస్ చుట్టుపక్కల కౌంటీల్లో పేజీలకు పేజీలు వస్తాయి, ట్రాఫిక్ టికెట్లతో సహా. నేను చేసింది చెబుతాను. రెండు పేర్లలో తక్కువమందికి ఉండే పేరు ఏదో దాంతో వెతికాను, మాజీ భర్త ఇంటిపేరు అరుదైనది, వెంటనే దొరికింది. అప్పటికి నా పేరు పెళ్లికి ముందు ఇంటిపేరుతో ఉందో, తర్వాతి దానితో ఉందో నాకే గుర్తులేదు. కొన్ని పోర్టల్స్‌లో మొదటి మూడు నాలుగు అక్షరాలు కొట్టి స్టార్ పెడితే మిగతా స్పెల్లింగ్ ఎలా ఉన్నా చూపిస్తుంది. ఫ్యామిలీ కేసులు అని ఫిల్టర్ పెట్టి, సంవత్సరం అటూఇటూ ఒకటి వదిలి వెతకండి. డిక్రీ వచ్చిన ఏడాది, కేసు వేసిన ఏడాది ఒకటే కానక్కర్లేదు, నంబర్‌లో ఉండేది కేసు వేసిన ఏడాది.

కేసు కనబడగానే సంబరపడి మూసేయకండి, కింద ఏం జరిగిందో చదవండి. ఫైనల్ డిక్రీ ఆఫ్ డివోర్స్ అని గానీ, ముందు అగ్రీడ్ అనే మాట చేర్చి గానీ ఒక ఎంట్రీ ఉండాలి. దాని బదులు నాన్‌సూట్ అనో, డిస్మిస్డ్ ఫర్ వాంట్ ఆఫ్ ప్రాసిక్యూషన్ అనో ఉంటే విడాకులు అవ్వనట్టే, కేసు వెనక్కి తీసుకున్నారు లేదా ఎవరూ పట్టించుకోక కోర్టే కొట్టేసింది. కేసు వేశాం కదా, అవతలివాళ్లు సంతకం పెట్టారు కదా అని ఏళ్ల తరబడి అయిపోయిందనే అనుకునేవాళ్లు ఉంటారు. ఇంకో మాట, డిక్రీలో పేరో తేదీనో తప్పు పడితే తర్వాత సరిచేసి ఇంకో డిక్రీ ఇస్తారు, దాని పేరులో నంక్ ప్రో టంక్ అనే లాటిన్ ముక్క ఉంటుంది. అది ఉంటే రెండూ అడగండి, పాతది ఒక్కటే తీసుకుంటే ఆ తప్పు పేరుతోనే తిరగాలి.

అడగడం ఎలా అంటే, దగ్గర్లో ఉంటే నేరుగా కౌంటర్ దగ్గరకు వెళ్లడమే మేలు. ఏ ఊళ్లో ఏ బిల్డింగో కౌంటీ సైట్‌లో చూసుకుని వెళ్లండి, కాలిన్ వాళ్లది మెకిన్నీలో, డెంటన్ వాళ్లది డెంటన్‌లో. దూరంగా ఉంటే ఆన్‌లైన్ రిక్వెస్ట్, ఈమెయిల్, పోస్టు, ఏది తీసుకుంటారో ఆ సైట్‌లోనే ఉంటుంది. ఏ దారిలో అడిగినా రాయాల్సింది ఇంతే: ఇద్దరి పూర్తి పేర్లు, కాజ్ నంబర్, డిక్రీ తేదీ, కావాల్సిన డాక్యుమెంట్ పేరు, ఎన్ని కాపీలు, సర్టిఫైడా మామూలుదా, మీ ఫోన్ నంబర్. సర్టిఫైడ్ అనే మాట రాయడం మర్చిపోతే మామూలు జిరాక్స్ లాంటిది పంపిస్తారు, తప్పు వాళ్లది కాదు. పోస్టులో అయితే స్టాంపు అంటించి మీ అడ్రస్ రాసిన కవరు లోపల పెట్టండి, పర్సనల్ చెక్ చాలా చోట్ల తీసుకోరు, మనీ ఆర్డర్ పెట్టండి. టెక్సస్‌లో సర్టిఫైడ్ కాపీకి పేజీకి ఒక డాలర్ లెక్క, దాని మీద ఏమైనా చార్జీ ఉంటే సైట్‌లో ఉంటుంది. పిల్లలు, ఇల్లు, రిటైర్‌మెంట్ అకౌంట్లు ఉన్న డిక్రీలు ముప్పై నలభై పేజీలు ఉంటాయి, ఎన్ని పేజీలో ముందు ఫోన్ చేసి కనుక్కుంటే మనీ ఆర్డర్ తక్కువై తిరిగి రాదు.

ఇండియాలో ఉండి అడగాల్సివస్తే? టెక్సస్‌లో ఈ రికార్డులు పబ్లిక్, కాపీ అడగడానికి మీరే రానక్కర్లేదు, అక్కడున్న స్నేహితులెవరైనా కౌంటర్ దగ్గర తీసుకోవచ్చు. ఇందులో ఇంకో కోణం ఉంది. అమెరికా సంబంధం చూస్తున్న తల్లిదండ్రులు "అబ్బాయికి ముందు పెళ్లి విడాకులైపోయింది" అని మధ్యవర్తి చెబితే నమ్మి ఊరుకోనక్కర్లేదు, కాజ్ నంబర్ అడిగి కౌంటీ సైట్‌లో చూసుకోవచ్చు. అమ్మాయిల విషయంలోనూ అంతే, నన్నూ చూసుకున్నారు, నాకేం కోపం రాలేదు. న్యూయార్క్‌లో మాత్రం ఇది కుదరదు, అక్కడ ఫైళ్లు భార్యాభర్తలకు, వాళ్ల లాయర్లకు తప్ప చూపించరు. మీ డిక్రీ ఎవరికైనా వాట్సాప్‌లో పంపేముందు మాత్రం ఆలోచించండి, అందులో పిల్లల పుట్టినరోజులు, ఆస్తుల వివరాలు అన్నీ ఉంటాయి.

ఎందుకోసం కావాలన్నదాన్ని బట్టి ఎంత బలమైన కాపీ కావాలో మారుతుంది. కుటుంబసభ్యుల గ్రీన్‌కార్డు కోసం వేసే ఐ-130 లాంటి ఇమ్మిగ్రేషన్ ఫారాలతో ముందు పెళ్లి ముగిసిందని చూపించడానికి మామూలు ఫోటోకాపీ పెట్టొచ్చు, కానీ ఇంటర్వ్యూకి వెళ్లేటప్పుడు సర్టిఫైడ్ కాపీ చేతిలో ఉండాలి. ఇండియాలో వాడాలంటే మాత్రం ఇంకో మెట్టు ఉంది, అపోస్టిల్, అంటే కాగితం మీది ముద్ర, సంతకం నిజమైనవేనని వేరే దేశంలో చూపించడానికి ఇచ్చే ధ్రువీకరణ పత్రం. ఇది ఏ రాష్ట్రం డిక్రీకి ఆ రాష్ట్రమే ఇస్తుంది, టెక్సస్‌ది ఆస్టిన్‌లోని సెక్రటరీ ఆఫ్ స్టేట్ ఆఫీసు, డాక్యుమెంట్‌కి 15 డాలర్లు. ఇప్పుడు మీరు న్యూజెర్సీలో ఉన్నా సరే, టెక్సస్ డిక్రీ ఆస్టిన్‌కే వెళ్లాలి.

ఫోటోకాపీ చాలదా అనేవాళ్లకు మనవాళ్ల కేసే ఒకటి ఉంది. 1975లో తిరుపతిలో పెళ్లి, 1980లో భర్త మిస్సోరీ రాష్ట్రం సెయింట్ లూయిస్ కౌంటీ కోర్టులో విడాకులు తెచ్చుకుని, 1981లో యాదగిరిగుట్టలో ఇంకో పెళ్లి చేసుకున్నాడు. మొదటి భార్య కేసు పెట్టింది. మెజిస్ట్రేటు డిక్రీ ఫోటోస్టాట్ చూసి అతన్ని వదిలేస్తే, ఫోటోస్టాట్ సాక్ష్యం కాదని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ ఉత్తర్వు కొట్టేసింది, 1991లో సుప్రీంకోర్టు కూడా అదే ఖాయం చేసింది. అంతటితో ఆగలేదు, ఆవిడ ఆ అమెరికా కోర్టు అధికారానికి ఒప్పుకోలేదు, విడాకులిచ్చిన కారణం హిందూ వివాహ చట్టంలో లేదు, కాబట్టి ఆ డిక్రీయే మన దగ్గర చెల్లదని సుప్రీంకోర్టు అంది.

అందుకే నా సలహా, డిక్రీ ఒక్కటే తెచ్చుకుని ఊరుకోకండి. ఇద్దరూ ఒప్పుకునే చేసుకున్నారని చూపించే కాగితాలు అదే ఫైల్లో ఉంటాయి, మొదట వేసిన పిటిషన్, అవతలివాళ్లు సంతకం పెట్టిన వేవర్ ఆఫ్ సర్వీస్ (కోర్టు నోటీసు పద్ధతి ప్రకారం అందించక్కర్లేదని రాసిచ్చే కాగితం) లేదా జవాబు. వాటికీ సర్టిఫైడ్ కాపీలు అదే రిక్వెస్ట్‌లో అడగండి, అవి పట్టుమని పది పేజీలు కూడా ఉండకపోవచ్చు. అవతలివాళ్లు ఇండియాలో ఉండగా, వాళ్లు రాకుండానే తెచ్చుకున్న డిక్రీ అయితే నకళ్లతో పని కాదు, ముందు ఇండియాలోని ఫ్యామిలీ లాయర్ దగ్గర కూర్చోవాలి.

నేను మూడు సర్టిఫైడ్ కాపీలు తీసుకున్నాను, ఒకటి అపోస్టిల్‌కి, ఒకటి ఇమ్మిగ్రేషన్ ఇంటర్వ్యూకి, ఒకటి బీరువాలోకి. ఇప్పుడు చేతిలో రెండే పనికొస్తాయి. స్కాన్ చేయడానికి వీలుగా ఉంటుందని ఒకదాని స్టేపుల్ పిన్ను పీకాను, పేజీలు విడదీసి మళ్లీ కొట్టిన కాపీని అపోస్టిల్ ఆఫీసు తిప్పి పంపించింది. పిన్ను పీకకండి, పేజీలు వెనక్కి మడిచి ఫోన్‌తో ఒక్కొక్కటీ ఫోటో తీసుకోండి.