స్టార్టర్ మూలుగుకు కారణం బ్యాటరీ కాదు

పదిహేనేళ్ళు దాటిన మా పెట్రోల్ సెడాన్ ఉదయం పూట స్టార్టు కావడానికి మూలుగుతూ ఉండడంతో, కొత్త బ్యాటరీ కొనే ముందు మల్టీమీటరుతో కొలిచి చూశాను. రాత్రంతా వాడకుండా ఉన్న బ్యాటరీ 12.6 వోల్టులు చూపింది. అంటే ఛార్జి నిండుగానే ఉంది. మా అబ్బాయిని తాళం తిప్పమని, ఆ క్షణంలో బ్యాటరీ నెగటివ్ టెర్మినల్‌కూ ఇంజన్ బ్లాకుకూ మధ్య కొలిస్తే, 0.2 వోల్టు దరిదాపుల్లో ఉండవలసింది 1.1 వోల్టులు కనిపించింది. ఇంజన్‌ను మొదట తిప్పే మోటారైన స్టార్టరుకు అందవలసిన వోల్టేజిలో కొంత, బ్యాటరీ నెగటివ్‌ను ఇంజన్‌కు కలిపే ఎర్తు తీగ దారిలోనే పోతోందన్నమాట. ముందు నెగటివ్ క్లాంపు విప్పి, దానిపై పేరుకున్న తెల్లని పొరను వంటసోడా నీటితో కడిగి, ఎర్తు బోల్టు కింది తుప్పును ఎమరీ పేపరుతో లోహం మెరిసేదాకా రుద్ది, గట్టిగా బిగించాక పైన వ్యాజిలిన్ పూశాను. తుప్పు పట్టిన ఆ బోల్టును కదిలించడానికే గంట పట్టింది! ఇప్పుడు అదే కొలత 0.1 వోల్టు.