మనసు కథలు విజువల్ నావెల్‌గా – 4వ భాగం: నొక్కుడు పడని మాట

విజువల్ నావెల్ అంటే బొమ్మలు, మాటలతో నడుస్తూ, మధ్యమధ్య ఆడేవాళ్లే దారి ఎంచుకునే కథా గేమ్. పోయిన భాగంలో మన కథలోని ఇంటర్ పిల్ల రమ్య హాస్టల్ గది తయారు చేసుకున్నాం. హన్మకొండ నయీంనగర్‌లో రెండో అంతస్తు, మంచం నిండా ఇంటర్ మెటీరియల్, ముట్టని టిఫిన్ డబ్బా. ఈ భాగంలో ఆ గదిలో ఫోన్ మోగుతుంది. నర్సంపేట నుంచి అమ్మ.

"తిన్నవా బిడ్డా?"

మన మొదటి మెనూ, అంటే ఆడేవాళ్లు ఎంచుకునే మాటల జాబితా, ఇక్కడే. కొత్తగా రాసేవాళ్లు చాలామంది ఇక్కడ "నిజం చెప్పు", "అబద్ధం చెప్పు" అని రెండు ఛాయిస్‌లు పెడతారు. అట్లా పెట్టకండి. అది రచయిత ఇచ్చే తీర్పు. నెలరోజులుగా నిద్రపట్టక, దేనిమీదా మనసు నిలవక ఉన్న పిల్లకు ఆ క్షణంలో నిజం, అబద్ధం అని రెండు దారులేం కనబడవు. ఏ మాట తేలిగ్గా నోట్లోంచి వస్తే అది అనేస్తుంది. అందుకే ఛాయిస్‌లను రమ్య మాటల్లోనే రాయండి:

"ఆఁ, తిన్న."
"ఆకలైతలేదమ్మా."
"అమ్మా, నాకు మంచిగనిపిస్తలేదు. ఒక్కసారి వస్తవా?"

ఈ పాఠమంతా మూడో మాట కోసమే. అది తెరమీద కనిపించాలి, కానీ నొక్కుడు పడొద్దు.

2013లో వచ్చిన డిప్రెషన్ క్వెస్ట్ అనే టెక్స్ట్ గేమ్ ఈ పద్ధతితోనే చాలామందికి గుర్తుండిపోయింది. ట్వైన్ అనే టూల్‌తో చేసిన ఆ గేమ్‌లో "లేచి పని చెయ్యి", "మిత్రుడితో మాట్లాడు" వంటి మంచి ఛాయిస్‌లు తెరమీద ఉంటాయి, కానీ గీత కొట్టేసి ఉంటాయి. ఏం చేస్తే బాగుంటుందో మనకు తెలుస్తూనే ఉంటుంది, చెయ్యి మాత్రం అక్కడికి పోదు. "ఊకె పడుకునుడేంది, లేచి చదువుకోరాదు" అని ఇంట్లో అనేవాళ్లకు పది పేజీల వివరణ చెప్పలేని సంగతిని ఆ ఒక్క గీత చెప్తుంది.

రెన్‌పై అనే విజువల్ నావెల్ తయారీ సాఫ్ట్‌వేర్‌లో దీన్ని చేయడం కష్టం కాదు. ముందు అలసట కోసం ఒక వేరియబుల్ (విలువ దాచుకునే పేరు) పెట్టుకోండి. పేరు ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటే తర్వాత చిక్కులుండవు. డిఫాల్ట్ విలువ 5. మెనూలో మూడో మాట కొటేషన్ ముగిశాక ఇఫ్ రాసి, అలసట 4 కంటే తక్కువ ఉండాలని కండిషన్ పెట్టి, కోలన్‌తో ముగించండి. ఇప్పుడు గేమ్ నడిపిస్తే ఆ మాట అసలు కనిపించదు. కంగారు పడకండి, కండిషన్ కుదరని ఛాయిస్‌ను రెన్‌పై మామూలుగా దాచేస్తుంది. ఆప్షన్స్ ఫైల్‌లో కాన్ఫిగ్ కింద మెనూ_ఇన్‌క్లూడ్_డిజేబుల్డ్ అనే సెట్టింగును ట్రూ చేయండి. మూడో మాట బూడిద రంగులో కనిపిస్తుంది, మౌస్ పెట్టినా కదలదు.

అలసటను తెరమీద మీటర్‌గా చూపించాలన్న ఆశ పుడుతుంది. వద్దు. అంకె కనిపించిందంటే ఆడేవాళ్లు రమ్యను వదిలేసి లెక్క పట్టుకుంటారు.

మరి ఆ మాట ఎప్పుడు తెరుచుకోవాలి? ఇక్కడ నా అభిప్రాయం గట్టిది: రమ్య ధైర్యం తెచ్చుకోవడం వల్ల కాదు, పక్కవాళ్లు చేసిన ఏదో ఒక పని వల్ల తెరుచుకోవాలి. ముందు సీన్‌లో రూమ్‌మేట్ వచ్చి కూర్చుంటే రమ్య ఆమెను ఉండనిచ్చిందా? అలసట ఒకటి తగ్గించండి. రమ్య "ఆఁ, తిన్న" అన్నాక అమ్మ వెంటనే మార్కుల సంగతి అడిగితే ఒకటి పెంచండి. అట్లా కాకుండా కాసేపు ఆగి,

"ఏమైంది బిడ్డా, సప్పుడు చేస్తలేవు?"

అంటే ఒకటి తగ్గించి, మెనూ మళ్లీ చూపించండి. రూమ్‌మేట్ వల్ల ఒకటి, అమ్మ వల్ల ఒకటి తగ్గి అలసట 3కు వచ్చింది. ఇప్పుడు మూడో మాట నొక్కుడు పడుతుంది. రూమ్‌మేట్‌ను పంపించేసి ఉంటే 4 దగ్గరే ఆగుతుంది, మాట తెరుచుకోదు. అప్పుడు గేమ్ ఓవర్ అని మాత్రం పెట్టకండి. అమ్మ "సరే, పండుకో" అంటుంది, తెల్లారుతుంది, కథ నడుస్తుంది.

అమ్మ ఆగడం ఆడేవాళ్లకు తెలియాలి కదా. ఆమె డైలాగ్ మధ్యలో ఫ్లవర్ బ్రాకెట్లు పెట్టి, అందులో డబ్ల్యూ=1.5 అని రాయండి. వాక్యం అక్కడ ఒకటిన్నర సెకను నిలుస్తుంది. ఈ సీన్‌లో ఒక్కసారే వాడండి, ప్రతి లైన్‌లో వాడితే విసుగొస్తుంది.

ఇంకొకటి, రోల్‌బ్యాక్. రెన్‌పైలో మౌస్ చక్రం వెనక్కి తిప్పితే కథ వెనక్కిపోతుంది, అన్నమాట మార్చుకోవచ్చు. అమ్మతో అన్నమాట వెనక్కి రాదు కాబట్టి ఇక్కడ దాన్ని ఆపాలి. పూర్తిగా అడ్డుకునే బ్లాక్_రోల్‌బ్యాక్ కంటే ఫిక్స్_రోల్‌బ్యాక్ మేలు. ఆడేవాళ్లు వెనక్కిపోయి మళ్లీ చదువుకోగలుగుతారు, ఛాయిస్ మాత్రం మారదు.

మూడో మాట నొక్కగానే రమ్య నవ్వి, సంగీతం మారి, అంతా బాగైనట్టు చూపించకండి. అమ్మ మొదట సరిగ్గా అర్థం చేసుకోకపోవచ్చు. "దిష్టి తగిలిందేమో" అనొచ్చు. అయినా "పొద్దుగాల్ల ఫస్ట్ బస్సుకొస్త" అంటుంది. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి ఓపీలో చీటీ రాయించుకోవడం, డాక్టర్ ముందు మాట రాకపోవడం, మందు మొదలైనా వెంటనే తేడా తెలియకపోవడం, ఇవన్నీ తర్వాతి సీన్లు.

గేమ్ మొదటి తెర మీద కథలో డిప్రెషన్ ప్రస్తావన ఉందని సూటిగా రాయండి. మానసిక ఆరోగ్య సహాయానికి ఫోన్ చేసే టెలీమానస్ నంబర్ 14416 కూడా అక్కడే పెట్టండి. 2022 అక్టోబర్‌లో కేంద్రం మొదలుపెట్టిన ఈ ఉచిత సేవ రోజంతా పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. మెయిన్ మెనూలోనూ ఒక బటన్ ఉంచండి, మధ్యలో ఆపేసినవాళ్లకూ దొరకాలి. ఆత్మహత్య ఆలోచన కథలో వస్తే పద్ధతి వివరాలు ఒక్క ముక్క కూడా రాయొద్దు.

వచ్చే భాగానికి పని: ఇదే ఫోన్ సీన్‌ను నాన్న మాట్లాడినట్టు రాసి తీసుకురండి. నాన్నలు మన దిక్కు ఫోన్‌లో తక్కువ మాట్లాడతారు, "పైసలున్నయా?" అని అడిగి పెట్టేస్తారు. ఆ ఒక్క ప్రశ్నతోనే అలసట తగ్గేట్టు రాయగలరేమో చూడండి. అయిదో భాగంలో శబ్దం మొదలుపెడదాం: ఫ్యాన్ చప్పుడు, కాజీపేట వైపు నుంచి రైలు కూత, వాటిని లూప్‌లో పెట్టే పద్ధతి.