బీర్ రెసిపీని ఐదో వంతుకి తగ్గించేముందు

ఎండలు ముదిరేలోపు ఇంట్లో ఒక్క గ్యాలన్ బీర్ కాసేద్దాం అనుకుంటున్న అపార్ట్‌మెంట్ జనాలకి ఇది. నేనుండేది డాలస్‌లో, ఇక్కడ అమ్మకుండా మన తాగుడుకి కాచుకుంటే ఇబ్బంది లేదు, హైదరాబాద్‌లో మాత్రం ఇది చదివి మొదలెట్టకండి, ఎక్సైజ్ కేసవుద్ది.

రెసిపీలు ఎక్కువగా 5 గ్యాలన్లకి ఉంటాయి, అంటే 19 లీటర్లు. అన్నిటినీ ఐదుతో భాగించేస్తే అయిపోద్ది కదా అనుకుంటాం. మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) వరకు ఓకే, 4.5 కిలోలకి 900 గ్రాములు. హాప్స్ (బీర్‌కి చేదునిచ్చే పువ్వులు) కూడా అంతే, 28 గ్రాములకి ఐదున్నర, కాకపోతే వంటింటి కాటా ఒకసారి 5 ఇంకోసారి 6 అంటది కాబట్టి పాయింట్ తర్వాత అంకె చూపించే చిన్న కాటా కొనుక్కోండి.

దెబ్బ తినేది నీళ్ల దగ్గర. పెద్ద బ్యాచ్‌కి 30 లీటర్లు కదా అని నేను 6 పోశా. మాల్ట్ దాదాపు లీటరు తాగేసింది, గంట మరిగేసరికి రెండు లీటర్లు ఆవిరైపోయింది, ఎందుకంటే ఆవిరి గిన్నె వెడల్పునీ మంటనీ బట్టి పోద్ది గానీ మనం ఐదుతో భాగించామని తగ్గదు, అడుగున మడ్డి పోగా చేతికొచ్చింది రెండు లీటర్ల ముప్పావు కూడా లేదు. గ్రావిటీ, అంటే నీళ్లతో పోలిస్తే ఎంత చిక్కగా ఉందో చెప్పే అంకె, 1.050 రావాల్సింది 1.066 దాకా పోయింది. అందుకే ముందు రోజు అదే గిన్నెలో, అదే పొయ్యి మీద ఉత్త నీళ్లు గంట మరిగించి ఎంత తగ్గిందో కొలుచుకోండి. నా గిన్నెకైతే ఏడు లీటర్ల పైనే కావాలి.

మ్యాష్, అంటే వేడినీళ్లలో నానబెట్టిన మాల్ట్, 66 డిగ్రీల సెల్సియస్ దగ్గర గంట ఉండాలి, చిన్న గిన్నె తొందరగా చల్లారిపోద్ది. స్టవ్ ఆపేసి, పెరుగు తోడేసిన గిన్నెకి చలికాలంలో చుట్టినట్టు దుప్పటి చుట్టేయండి. మరిగేటప్పుడు అక్కణ్ణుంచి కదలొద్దు, పాల కన్నా మోసంగా పొంగుద్ది, హాప్స్ వేసిన క్షణంలో మరీను.

పులియబెట్టే ఈస్ట్ పావు ప్యాకెట్ చాలు. పులియడానికి పోసే జగ్గులో పైన ఖాళీ వదలండి, నురుగొచ్చి ఎయిర్‌లాక్ (మూతకి పెట్టే, గ్యాస్‌ని బయటికి వదిలే చిన్న గొట్టం) మూసుకుపోతే మూత ఎగిరి సీలింగ్‌కి తగులుద్ది, మొదటి రెండు మూడు రోజులు లావుపాటి ట్యూబ్ పెట్టి రెండో కొస నీళ్లలో ముంచితే గొడవ లేదు. ఆఫీసుకెళ్తూ ఏసీ ఆపేసే అలవాటుంటే, వేడెక్కకుండా జగ్గుని నీళ్ల టబ్‌లో పెట్టి తడి టీషర్ట్ తొడగండి.

అసలు భయపడాల్సింది గ్యాస్ పట్టడానికి సీసాల్లో వేసే చక్కెరకి. 19 లీటర్లకి 120 గ్రాములైతే 3.8 లీటర్లకి 24, అంతే. నేను ఓసారి స్పూన్‌తో గోపురంగా రెండు వేసి ఊరుకున్నా, పదో రోజు రాత్రి క్లోజెట్‌లో ఢామ్మని ఒకటి పేలింది, గాజుముక్క వేలాడదీసిన షర్ట్‌లో దిగింది. గ్రావిటీ మూడు రోజులు ఒకేలా ఉంటేనే సీసాల్లో పోయండి, తర్వాత మూతున్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టండి, వారానికి ఒకటి తీసి ఫ్రిజ్‌లో చల్లార్చి తెరవండి, బుస్సుమని పైకి తన్నిందా మిగతావన్నీ వెంటనే ఫ్రిజ్‌లోకే.