ఓర్కా వస్తే తెల్ల సొర ఏం చేస్తుంది: ఇసుకలో చెప్పే పాఠం

అంతర్వేది వైపు తీర గ్రామాల్లో పదహారేళ్లుగా జీవశాస్త్రం చెబుతున్నాను. మా తరగతిలో సగం మంది వేటకు వెళ్లే ఇళ్ల పిల్లలు. సొర అనగానే వాళ్లకు గుర్తొచ్చేవి రెండే: అమ్మ వండే పిట్టు, టీవీలో నోరు తెరుచుకుని మీదికొచ్చే రాక్షసి. ఈ రెండింటి మధ్య అసలు జంతువు మరుగున పడిపోతోందని నాకు బాధ. మరో వేటగాడు, ముఖ్యంగా ఓర్కా (కిల్లర్ వేల్), ఎదురైనప్పుడు తెల్ల సొర, అంటే గ్రేట్ వైట్ షార్క్, ఎలా నడుచుకుంటుందో చెప్పి చూశాను. పిల్లలు ఆ చేపను మొదటిసారి సరిగ్గా చూశారు. నేను చెప్పే పద్ధతి ఇది. తీరంలో పనిచేసే టీచర్లు ఎవరైనా చేయవచ్చు.

జూలై తర్వాత పెట్టుకోండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం, రేవులో తాజా చేప దొరకదు. పది మీటర్ల పాత వల తాడు, ఒక పాల సొర, పదునైన కత్తి, తెల్ల కాగితాలు ఉంటే చాలు. తిమింగల సొర, రంపపు చేప వంటివి వన్యప్రాణి చట్టం రక్షణలో ఉన్నాయి, వాటి జోలికి పోవద్దు. వశిష్ఠ సముద్రంలో కలిసే చోట నీటి లాగుడు ఎక్కువ. పిల్లలను పొడి ఇసుక దాటనివ్వకండి.

ముందు తాడు పరిచి ఇసుకలో గీతలు గీయించండి. పెద్ద ఆడ తెల్ల సొరకు 5 మీటర్లు, మగ ఓర్కాకు 7 మీటర్లు. పక్కన మన పాల సొరను పెట్టండి. ఓర్కా చేప కాదని, డాల్ఫిన్ల కుటుంబంలోదని, గుంపుగా వేటాడుతుందని ఇక్కడే చెప్పేయండి.

తర్వాత సొరకూ సొరకూ మధ్య సంగతి. రేవులో చేపలు ఏరేటప్పుడు చేరే కుక్కలను పిల్లలు రోజూ చూస్తారు. పెద్ద కుక్క వస్తే చిన్నది తోక ముడిచి పక్కకు జరుగుతుంది, చాలాసార్లు కరుచుకోవడం దాకా పోదు. తెల్ల సొరలూ అంతే. రెండు ఎదురైతే కాసేపు పక్కపక్కనే ఈదుతాయి, ఎవరు పొడవో తేలిపోతుంది, చిన్నది దారి వదులుతుంది. చంపిన సీలు అనే సముద్ర జంతువు దగ్గర ఒక సొర తోకతో నీళ్లను మరో సొర వైపు బలంగా చరచడం కూడా పరిశోధకులు చూశారు. ఇద్దరిద్దరు పిల్లలను జతచేసి, ఒకరినొకరు తాకకుండా గీత వెంట నడిపించండి. పొట్టివాడు పక్కకు తప్పుకోవాలి. దెబ్బ తగిలితే వేట సాగదు, వేట సాగకపోతే తిండి లేదు. అందుకే కాటు ఆఖరి మాట అని ఆట మధ్యలోనే చెప్పండి.

ఇక ఓర్కా. 1997 అక్టోబరు 4న అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కో తీరానికి ఆవల, ఫారలాన్ దీవుల దగ్గర ఒక ఓర్కా తెల్ల సొరను చంపింది. తిమింగలాలను చూడడానికి పడవలో వెళ్లినవాళ్ల కళ్ల ముందే జరిగింది. ఓర్కా సొరను వెల్లకిలా తిప్పి పట్టుకుంది. అలా తిరగేస్తే చాలా రకాల సొరలు కదలిక లేకుండా బిగుసుకుపోతాయి. నేను ఈ మాట అంటుండగా వెనక వరసలోంచి ఒక అబ్బాయి, "మా నాన్న కూడా వలలోంచి అలాగే తిప్పి తీస్తాడండి" అన్నాడు. మీ తరగతిలోనూ అలాంటివాడు ఉంటాడు. వాడిని ముందుకు పిలిచి, చేతులతో చూపించమనండి.

ఇప్పుడు పాల సొర కడుపు కోయండి. దీనికి తొందర వద్దు. మేము తెచ్చింది మూరన్నర పొడవుంది. గొంతు కింద నుంచి తోక వైపు మెల్లగా చీరితే ముందుగా కనిపించేది కాలేయమే. లేత గోధుమ రంగులో, రెండు పొడుగాటి తమ్మెలుగా పొట్ట నిండా పరుచుకుని ఉంటుంది. వేలితో తాకితే జిడ్డు. సొరకు గాలి తిత్తి ఉండదు, నీటిలో మునిగిపోకుండా ఈ నూనే తేలుస్తుంది. తెల్ల సొరలో కాలేయం ఒంటి బరువులో నాలుగో వంతు దాకా ఉండగలదు. ఒక కాగితం మీద కండ ముక్కను, మరో దాని మీద కాలేయం ముక్కను రుద్ది ఎండలో పెట్టండి. మా అమ్మమ్మ ఆ రోజుల్లో నావ చెక్కలకు సొర నూనె పూసేవారని చెప్పేది. నాకు ఆ వాసన పాఠం చెప్పేటప్పుడల్లా గుర్తొస్తుంది.

ఈ నూనె కోసమే ఓర్కా వస్తుంది. 2017లో దక్షిణాఫ్రికాలోని గాన్స్‌బాయి తీరానికి తెల్ల సొరల కళేబరాలు కొట్టుకొచ్చాయి. కాలేయం మాయం, మిగతా ఒళ్లు చాలావరకు అలాగే ఉంది. పరిశోధకులు అనుమానించింది రెండు మగ ఓర్కాలను. ఒకదాని వీపు రెక్క ఎడమకు, మరోదానిది కుడికి వాలి ఉంటుంది. అందుకే ఓడవాళ్ల భాషలో ఎడమ కుడి పేర్లతోనే పోర్ట్, స్టార్‌బోర్డ్ అని పిలుస్తారు. 2023లో అదే దేశంలోని మోసెల్ బే దగ్గర స్టార్‌బోర్డ్ ఒంటరిగా ఒక పిల్ల తెల్ల సొరను రెండు నిమిషాల్లోపే చంపింది.

మరి సొర ఏం చేస్తుంది? చాలావరకు వెళ్లిపోతుంది. ఫారలాన్ దగ్గర 2006 నుంచి 2013 వరకు 165 తెల్ల సొరలకు శబ్దం చేసే పరికరాలు తగిలించి, నీటి అడుగున వినే యంత్రాలు పెట్టారు. శబ్దంతో లోతును, చేపలను కనిపెట్టే ఎకో సౌండర్ ఉన్న బోటు ఎక్కిన పిల్లలకు ఇది వెంటనే అర్థమవుతుంది. సాల్వడోర్ జోర్గెన్‌సెన్ అనే పరిశోధకుడి బృందం 2019లో ఫలితాలు ప్రచురించింది. 2009లో ఓర్కాలు రాగానే అక్కడున్న 17 సొరలు దాదాపు 8 గంటల్లో ఖాళీ చేశాయి. ఓర్కాలు గంటలోపే వెళ్లిపోయినా, సొరలు తరచూ మరుసటి సీజన్ దాకా తిరిగి రావు. పారిపోయే వీలు లేనప్పుడు మాత్రం దగ్గరే తిరుగుతూ ఓర్కాను కంటి ముందు ఉంచుకోవడం మోసెల్ బేలో తీసిన వీడియోలో కనిపించింది.

ఇక్కడ ఎవరో ఒకరు "పిరికిది" అంటారు. ఆ మాటను వదిలేయకండి. "తుపాను కబురు వస్తే మీ నాన్న పడవను ఒడ్డుకు లాగుతాడు. ఆయన పిరికివాడా?" అని అడగండి. మా తరగతి ఒక్కసారిగా నిశ్శబ్దమైంది. తప్పుకోవడం కూడా వేటగాడికి తెలిసి ఉండాల్సిన పనే అని అప్పుడు వాళ్లకు వాళ్లే చెప్పారు.

కోసిన చేపను పారేయకండి, కడిగి ఎవరి ఇంటికైనా పిట్టుకు పంపండి. కాగితాలను మాత్రం తరగతి కిటికీలో అంటించండి. కండ రుద్దిన చోట తడి ఆరిపోతుంది, కాలేయం రుద్దిన చోట వెలుగు దూరే జిడ్డు మరక నిలిచే ఉంటుంది. మరునాటి పాఠం అక్కడి నుంచి మొదలుపెట్టండి: సొరలు వెళ్లిపోయిన ఏడాది ఫారలాన్‌లో సీళ్ల మీద వేట తగ్గింది. మన నదీముఖంలో పెద్ద చేప ఒకటి రాకపోతే ఇక్కడ ఏది పెరుగుతుందో ఇంట్లో అడిగి రమ్మనండి.