థీసిస్ గడువు ముందు క్లస్టర్‌లో జాబ్ వేస్తున్నారా?

క్లస్టర్ అంటే చాలా కంప్యూటర్ల గుంపు, ఒక్కో కంప్యూటర్ ఒక నోడ్. ఎవరి జాబ్ (నడపాల్సిన ప్రోగ్రామ్) ఎప్పుడు నడవాలో స్లర్మ్ అనే సాఫ్ట్‌వేర్ క్యూలో పెట్టి తేలుస్తుంది. గడువు పదిహేను రోజులుందనగా ఆ క్యూ చూడండి. జాబ్ పక్కన 'రిసోర్సెస్' అని ఉంటే నోడ్ ఖాళీ అవగానే మీ వంతు. 'ప్రయారిటీ' అని ఉంటే మీ ముందు ఇంకా జనం ఉన్నారు. ఆ కంగారులోనే అందరూ అవసరానికి మించి అడుగుతారు. రెండు గంటల పనికి 48 గంటలు, 10 జీబీ మెమరీ సరిపోయే చోట 120 జీబీ.

దానివల్ల నష్టం మనకే. పెద్ద జాబ్ కోసం స్లర్మ్ నోడ్లు పోగుచేస్తుంటే, ముందే ఖాళీ అయినవి కొన్ని గంటలు ఊరికే పడుంటాయి. ఆ సందులో చిన్న జాబులను దూర్చడమే బ్యాక్‌ఫిల్. సందు మూడు గంటలదైతే, 48 గంటలని రాసినవాడికి అందులో చోటెక్కడిది? పైగా పట్టి ఉంచిన ప్రాసెసర్ కోర్లు, వాడినా వాడకపోయినా, మీ లెక్కలోనే పడతాయి. ఎక్కువ వాడినవాళ్లను వెనక్కి నెట్టే ఫెయిర్‌షేర్ పద్ధతి ఉన్న చోట తర్వాతి జాబ్ వెనక్కి పోతుంది.

కాబట్టి ముందు అసలు డేటాతోనే కొద్దిసేపు నడిపి, స్లర్మ్ లెక్కలు చూపే ఎస్‌ఏసీసీటీ (sacct) కమాండ్‌తో ఎంత మెమరీ తిన్నదో చూడండి. ఆ అంకెను పూర్తిగా నమ్మొద్దు. మామూలుగా 30 సెకన్లకోసారి తీసే కొలత అది, మధ్యలో ఒక్కసారి ఎగబాకితే దొరకదు. నేనైతే పావు వంతు కలిపి రాస్తాను.

టైమ్ అయిపోతే జాబ్‌కి ముందు 'ఇక ఆపు' అనే టర్మ్ సిగ్నల్ వస్తుంది. సెట్టింగ్ మార్చకపోతే 30 సెకన్ల తర్వాత బలవంతంగా ఆపేసే కిల్. పెద్ద మోడల్ సేవ్ చేయడానికి అది చాలదు. గంటకోసారి చెక్‌పాయింట్ (అప్పటిదాకా అయిన పనిని దాచే ఫైల్) రాయించండి, అదీ పాత ఫైల్ మీద కాదు. వేరే పేరుతో రాసి, పూర్తయ్యాకే పేరు మార్చాలి. పాత ఫైల్ మీదే రాస్తుండగా జాబ్ చస్తే పాతదీ పోయి, కొత్తదీ సగమే మిగులుతుంది.

థ్రెడ్ల సంగతి నాకు అనుభవం మీద తెలిసింది. 32 కోర్ల నోడ్ మీద 32 పైథాన్ ప్రాసెస్‌లు వేశాను. ఒక్కోదానిలో నమ్‌పై (NumPy, పైథాన్ లెక్కల లైబ్రరీ) మళ్లీ 32 థ్రెడ్లు, అంటే పక్కపక్కనే నడిచే పనులు, తెరిచింది. మొత్తం 1024. రాత్రంతా నడిచినా, ఒక్క ప్రాసెస్‌తో అయ్యేంత పని కూడా కాలేదు. థ్రెడ్ల సంఖ్యను నిర్ణయించే ఓఎంపీ నమ్ థ్రెడ్స్ (OMP_NUM_THREADS) సెట్టింగ్‌ని 1 చేస్తే గంటన్నరలో తేలిపోయింది.

ఒకే స్క్రిప్ట్‌ను చాలాసార్లు నడిపే అర్రే (array) జాబులో 200 పనులుంటే, ఆ నంబర్ల చివర శాతం గుర్తు (%) పెట్టి 20 అని రాయండి, ఒకేసారి 20 మాత్రమే నడుస్తాయి. ల్యాబ్‌లో మిగతావాళ్లకీ గడువు అదే కదా. అందరూ లాగిన్ అయ్యే నోడ్ మీద మోడల్ ట్రైనింగ్ మొదలుపెట్టొద్దని వేరే చెప్పాలా? తాత్కాలిక ఫైళ్లు పెట్టే స్క్రాచ్‌లో పాత ఫైళ్లు ఎన్ని రోజులకు తుడిచేస్తారో అడ్మిన్‌ని ఈ వారమే అడిగి, ఫలితాలు మీ హోమ్ ఫోల్డర్‌కి లాగేసుకోండి.